పక్క మారిన బుద్ధుడు

మట్టి మాస్టారికి మాటలు రావని ఆ బడిలో అందరికీ తెలుసు. మూగవారేం కాదు. నోరు విప్పితే ఒకటే మాట వస్తుంది, అంతే. అన్నం ఎలా ఉందంటే బాగుంది. వాన ఎలా పడుతోందంటే బాగుంది. పెళ్లయిన కొత్తలో కొత్త చీర కట్టుకుని ఎలా ఉన్నానని భార్య అడిగితే అప్పుడూ అదే మాట. "ఇరవై రెండేళ్లయింది. ఆ బాగుందికి ఇంకో ముక్క అతుకుతారేమోనని ఇప్పటికీ చూస్తున్నా" అని ఆవిడ వచ్చినవాళ్లందరికీ చెబుతుంది. ఆయన చెప్పాల్సిందంతా ఎప్పుడో చేతుల్లోకి దిగిపోయింది. చూపులేని పిల్లల బడిలో పంతొమ్మిదేళ్లుగా మట్టిపని నేర్పుతున్నారు. అక్కడ చేతులుంటే చాలు.

ఆ ఏడు బడికి ఒక ఉత్తరం వచ్చింది. బౌద్ధులుండే దేశంలో ఇలాంటిదే ఇంకో బడి ఉంది. పదిమంది పిల్లల్ని పంపితే తొమ్మిది రోజులు తమ దగ్గర ఉంచుకుని, చరిత్ర పాఠంలో చదువుకున్నవన్నీ చూపిస్తామని వాళ్లు రాశారు. 'చూపిస్తాం' అన్న మాట చదివి పెద్దమేడం నాలిక కరుచుకుంది. పిల్లలు పకపకా నవ్వారు. ఆ మాటంటే వాళ్లకి కోపమేం లేదు. వాళ్లూ ఊరు చూశాం, బజారు చూశాం అనే అంటారు. కళ్లున్నవాళ్లు ఆ మాట దగ్గరకొచ్చి తడబడితేనే వాళ్లకి వింతగా ఉంటుంది.

ఇక మొదలయ్యాయి తయారీలు. అక్కడ ప్రతి మందిరం ముందూ చెప్పులు విప్పాలి, తిరిగొచ్చి వందల జతల్లో తమవి వెతుక్కోవాలి. అందుకని బడి వరండాలో చెప్పులన్నీ కుప్పపోసి రోజూ వెతికించేవారు. ఒక్కొక్కరి చెప్పు పట్టీకి ఒక దారం, దారానికి ముళ్లు. ఒక ముడి ఒకరికి, రెండు ముళ్లు ఇంకొకరికి, అలా. విగ్రహం వైపు కాళ్లు చాపి కూర్చోకూడదు గనక కాళ్లు వెనక్కి మడిచి అరగంట కూర్చునే అభ్యాసం ఇంకొకటి. "అంత శాంతమూర్తి అంటారు, కాళ్లు చాపితే కోపమొస్తుందా మేడం?" అని మూలుగుతూ అడిగినవాడు రేడియో. వాడి పద్నాలుగేళ్ల జీవితంలో నోరు మూసుకున్న సందర్భం ఎవరికీ గుర్తులేదు, అందుకే ఆ పేరు.

ఉత్తరం చివర ఉన్న వాక్యాన్ని పెద్దమేడం కొన్ని రోజులదాకా పిల్లలకి చదివి వినిపించలేదు. చదివాక వరండా అంతా చల్లబడిపోయింది. విగ్రహాలను ఎవరూ తాకరాదు, దయచేసి పిల్లలకు ముందే చెప్పండి అని ఉంది అందులో.

"ముట్టుకోకపోతే మాకెలా తెలుస్తుంది?" అన్నాడు రేడియో. "వాసన చూసి రమ్మంటారా?"

దానికి పెద్దమేడం రెండు మార్గాలు చెప్పింది. ఒకటి, మట్టి మాస్టారు అక్కడి విగ్రహాలన్నిటికీ నమూనాలు చేస్తారు. పిల్లలు బయల్దేరే లోపల వాటిని తనివితీరా తడిమి చూసుకోవచ్చు. రెండోది దుర్భిణి. అక్కడికెళ్లాక దుర్భిణి చూసి అందరికీ చెబుతుంది.

దుర్భిణి పదమూడేళ్ల పిల్ల. ఆ పదిమందిలో కాస్త చూపున్నది ఆమెకే. తాళం కన్నంలోంచి గదిలోకి తొంగిచూస్తే ఎంత కనిపిస్తుందో ఆమెకి లోకమంతా అంతే. చుట్టూ చీకటి, నడుమ కాస్త వెలుగు. ఆ కన్నం ఏటికేడాది చిన్నదవుతోందనీ, దానికి మందు లేదనీ, ఉన్నన్నాళ్లు చూసుకోనివ్వమనీ డాక్టరు చెప్పేశాడు. ఆ కాస్త వెలుగుతోనే ఆ పిల్ల బడి మొత్తాన్ని ఏలేది. ఎవరి పూస పోయినా, ఎవరి సుద్దముక్క దొర్లిపోయినా వెతికిపెట్టేది ఆమే. పేరు పెట్టింది రేడియోనే. మాస్టారు ఏ బొమ్మ చేసినా ముక్కు తగిలేంత దగ్గరికొచ్చి, తల అటూ ఇటూ తిప్పుతూ అంగుళం అంగుళం చూసి, "ఈ చెవి ఆ చెవి కన్నా పెద్దదైంది మాస్టారూ" అనేది. కొలిచి చూస్తే నిజంగానే పెద్దదై ఉండేది. అందరి చెప్పులకీ ముళ్లు వేస్తే ఆమె చెప్పులకి మాత్రం వాళ్లమ్మ వచ్చి ఎర్రదారం చుట్టి వెళ్లింది. ఎరుపు ఆమె కంటికి బాగా ఆనుతుంది మరి.

ఇక్కడే మాస్టారు ఒక పని చేశారు. చెడ్డపనేం కాదు. ఎవరినడిగినా మంచిపనే అంటారు.

కూర్చున్న బుద్ధుడూ, నిలుచున్న బుద్ధుడూ చక్కగా కుదిరారు. పడుకున్న బుద్ధుడు మాత్రం కుదరలేదు. మూరెడు పొడుగున చేసి నీడలో ఆరబెడితే మెడ దగ్గర పగిలింది. మళ్లీ చేస్తే మళ్లీ అక్కడే పగిలింది. ప్రయాణానికి నెల కూడా లేదు. పిల్లలకి పగిలిన బుద్ధుణ్ణి ఇచ్చి పంపడానికి ఆయనకి మనసొప్పలేదు. తిన్నగా పెద్దమేడం గదికి వెళ్లి, జీవితంలో మొదటిసారి నాలుగు వాక్యాలు ఒక్కసారిగా మాట్లాడారు. ప్రయాణం మూడు నెలలు వెనక్కి జరపమని అడిగారు. పరీక్షలు కూడా అయిపోతాయన్నారు. ఆయన నోట అన్ని మాటలు విని పెద్దమేడానికే ముచ్చటేసింది. "నిదానమే ప్రధానం మాస్టారూ" అని అక్కడివాళ్లకి ఉత్తరం రాసింది. వాళ్లూ సరేనన్నారు.

ఈసారి మాస్టారు అచ్చు తీశారు. ప్లాస్టర్ దిమ్మలో బొమ్మని గుంటగా చెక్కి, మట్టిని పలచగా అదిమి తీస్తే అంతా ఒకే మందం వస్తుంది, పగలదు. నిజంగానే పగల్లేదు. పలక మీద ఉబ్బెత్తుగా, కళ్లు మూసుకుని, తలకింద చెయ్యి పెట్టుకుని పడుకున్న బుద్ధుడు బయటికొచ్చాడు. పెద్దమేడం చూసి "ఎంత ప్రశాంతంగా ఉన్నాడో!" అని మురిసిపోయింది. పిల్లలు వంతులవారీగా తడిమారు. దుర్భిణి కూడా కళ్లు మూసుకుని తడిమింది. అందరితోపాటు సరదాకి కళ్లు మూసుకుందనుకున్నారు మాస్టారు. ఈసారి ఆమె ఏ తప్పూ పట్టలేదు. తన పనితనం పెరిగిందని కూడా అనుకున్నారు పాపం.

బయల్దేరడానికి పదిరోజులుందనగా అక్కడి బడినుంచి పెద్ద రంగుల ఫొటో ఒకటి వచ్చింది. తలుపంత బొమ్మ. కొండరాతిలో చెక్కిన పడుకున్న బుద్ధుడు. దాన్ని తరగతి గోడకి తగిలించారో లేదో మాస్టారు తన పలక వంక చూశారు. బొమ్మలో బుద్ధుడి తల ఎడమవైపు ఉంది, ఆయన కుడిపక్కకి తిరిగి కుడిచెయ్యి తలకింద పెట్టుకుని ఉన్నాడు. మాస్టారి బుద్ధుడి తల కుడివైపు ఉంది, తలకింద ఉన్నది ఎడమచెయ్యి. అచ్చులో ఇటు చెక్కింది బయట అటు వస్తుంది. పనిలో చేరిన మొదటిరోజే నేర్పే పాఠం అది. బడికి రాకముందునుంచీ కూడిన ముప్పై ఏళ్ల అనుభవంతో ఆ పాఠం మరిచిపోయారాయన.

"దుర్భిణీ, రా. అక్కడికెళ్లాక ఎలా చెబుతావో ఒకసారి చెప్పి చూపించు" అంది పెద్దమేడం, చేతిలో ప్రయాణం కాగితాలు సరిచూసుకుంటూ.

అయిపోయింది, పరువు పోయిందనుకున్నారు మాస్టారు. దుర్భిణి వచ్చింది. అలవాటు ప్రకారం ముక్కు తగిలేంత దగ్గరగా నిలబడి, తల అటూ ఇటూ తిప్పింది. తర్వాత వెనక్కి తిరిగి గట్టిగా చెప్పడం మొదలుపెట్టింది.

"పడుకుని ఉన్నాడు. తల కుడివైపుంది. ఎడమచెయ్యి తలకింద పెట్టుకున్నాడు. చెవులు భుజాల దాకా వేలాడుతున్నాయి. కాళ్లు ఒకదానిమీద ఒకటి సమానంగా ఉన్నాయి. ముఖంలో ఏ బాధా లేదు."

పిల్లలు చప్పట్లు కొట్టారు. పెద్దమేడం కాగితాల్లోంచి తలెత్తకుండానే "భేష్" అంది. మాస్టారు మాత్రం గోడకి ఆనుకుపోయారు. ఒక్క క్షణం కిందటిదాకా ఉన్న సిగ్గు ఎటుపోయిందో తెలియలేదు. ఆ పిల్ల చెప్పింది గోడమీదున్న బొమ్మ గురించి కాదు. ఆయన చేసిన తప్పుని ఉన్నదున్నట్టు చెప్పింది.

మధ్యాహ్నం మట్టిగదిలో దుర్భిణి చేతులు కడుక్కుంటుంటే మాస్టారు పక్కకి వెళ్లి నిలబడ్డారు. గుమ్మం బయట ఆమె చెప్పులున్నాయి. పట్టీకి ఎర్రదారం, దాని కిందే ఎవరికీ కనిపించకుండా ఇంకో దారం. ఆ దారానికి మూడు ముళ్లున్నాయి.

"ఏ చెయ్యి తలకింద ఉంది తల్లీ?"

"ఎడమది. చెప్పాను కదా."

"గోడమీద బొమ్మలో కుడిది."

కొళాయి అలాగే కారుతోంది. "మీరు చేసినదాంట్లో ఎడమదే కదా మాస్టారూ?"

"నేను చేసింది తప్పు. అచ్చు తిరగేసి చెక్కడం మరిచిపోయాను."

దుర్భిణి కొళాయి కట్టేసింది. ఏడుస్తుందేమోనని మాస్టారు భయపడ్డారు. ఆమెకి కోపమొచ్చింది. "ఇంత పెద్ద తప్పు ఇన్నేళ్లలో ఎప్పుడూ చెయ్యంది, ఇప్పుడే చెయ్యాల్సొచ్చిందా మీకు?"

"ఎప్పట్నించి కనిపించట్లేదు?" అని మాత్రం అడగగలిగారు మాస్టారు.

"పరీక్షలైన వారానికి. పొద్దున మెలకువొచ్చి, ఇంకా తెల్లారలేదనుకుని మళ్లీ పడుకున్నా. చూస్తే పక్కన అందరూ పళ్లు తోముకుంటున్నారు." ఎవరి సంగతో చెబుతున్నట్టు చెప్పింది.

"అమ్మకి తెలుసా?"

"తెలిస్తే ఇంకేమైనా ఉందా? వచ్చాక నేనే చెప్తా. మీరు ఎవరికీ చెప్పొద్దు. మేడం నన్ను మానిపించరు, అది నాకు తెలుసు. కానీ వీళ్లంతా నేను చూసి చెప్తాననే వస్తున్నారు మాస్టారూ. రేడియో అయితే ఏమేం అడగాలో ముందే అనుకుని పెట్టుకున్నాడు. నేను కూడా వాళ్లలాగే అయిపోతే అక్కడ ఇంక చూసేదెవరు?"

మూడు నెలల వాయిదా సంగతి మాస్టారికి గుర్తొచ్చింది. చెప్పకుండా ఉంటే ఆమెకెప్పటికీ తెలియదు. ప్రయాణం వాయిదా పడిందని తప్ప ఎవరివల్ల పడిందో పిల్లలకి ఎవరూ చెప్పలేదు. అయినా ఆయన చెప్పేశారు. బొమ్మ పగిలిందనీ, తనే వెళ్లి అడిగి జరిపించాననీ చెప్పారు.

దుర్భిణి తడిచేతులు గౌనుకి తుడుచుకుంది. వేళ్లమీద నెలలు వెనక్కి లెక్కపెట్టుకుంది. మూడో వేలు దగ్గర ఆగింది.

"అప్పటికి ఎరుపు కనిపించేది మాస్టారూ" అంది. "ఎరుపూ పసుపూ. బాగా దగ్గరికెళ్తే ముఖం కూడా కనిపించేది."

నింద వెయ్యాలని అనలేదు ఆ మాట. గుర్తుచేసుకుంది, అంతే. తిట్టినా బాగుండేదనిపించింది మాస్టారికి. తను మూడు నెలలు పట్టుబట్టి చేసిన మట్టిబొమ్మ కోసం ఆ పిల్ల కళ్లారా చూడగలిగిన ఒకే ఒక్క అవకాశాన్ని దూరం చేశానని ఆయనకి అర్థమైంది. బల్లమీద కూలబడిపోయారు.

దుర్భిణి ఆ చప్పుడుకి ఇటు తిరిగింది. "మీరూ మాతో వస్తున్నారుగా, అయితే నా పక్కనే కూర్చోండి. అక్కడ ఎక్కడికెళ్లినా నా పక్కనే ఉండండి. చూసింది నా చెవిలో చెప్పండి. నేను గట్టిగా వాళ్లకి చెప్తా."

"నాకు చెప్పడం రాదు తల్లీ."

"నేర్చుకోండి. మట్టి మాకు రాదంటే మీరు ఊరుకున్నారా? బాగుంది అని మాత్రం అనకండి."

ఆ సాయంత్రం ఆయన ఇంటికెళ్లి భార్యకి జరిగిందంతా చెప్పారు. మొదలూ చివరా ఉన్న ముచ్చట ఆయన నోట ఆవిడ వినడం అదే మొదలు. "మీరు మంచికే పోయారు కదండీ" అందావిడ. "మంచికే పోయాను. పోయింది మాత్రం దాని చూపు" అన్నారాయన. ఆవిడ కంచం ముందుకి జరిపింది. ఆయన తినలేదు.

మర్నాటినుంచి రోజూ మధ్యాహ్నం మట్టిగది కిటికీ దగ్గర గురువుకే చదువు మొదలైంది.

"బయట ఏముంది?"

"గోడ."

"ఎలాంటి గోడ?"

"బా..." అని మింగేసి, "పెచ్చులూడిన గోడ" అన్నారు.

"ఎక్కడ ఊడింది? ఎంత ఊడింది? ఊడినచోట ఏం కనిపిస్తోంది?"

రెండోరోజుకి గోడలో ఇటుకలొచ్చాయి. నాలుగోరోజుకి ఇటుకల సందులో మొలిచిన మొక్క వచ్చింది. ఆరోరోజున గోడమీద పడుకున్న పిల్లి ఒక కన్ను తెరిచి మూసింది. "ఏ కన్ను?" అంది దుర్భిణి. మాస్టారికి కళ్లలో నీళ్లు తిరిగాయి. పంతొమ్మిదేళ్లుగా ఆ కిటికీ పక్కనే కూర్చున్నా ఆ గోడని ఎన్నడూ చూడలేదు ఆయన. చూసిన పిల్లకేమో ఇంక కనిపించదు.

నమూనాని కూడా సరిచెయ్యాలి, తప్పు బుద్ధుణ్ణి చేతుల్లో పెట్టుకుని వాళ్లు వెళ్లకూడదని దుర్భిణి పట్టుబట్టింది. మాస్టారు కొత్త అచ్చు చెక్కారు. ఈసారి తిరగేసి చెక్కారు. చిన్నదే, జానెడు. అది పగలకుండా ఆరింది. దాన్ని తెచ్చి తరగతిలో పెట్టి, మొదటిది తప్పనీ, తల ఎడమవైపుండాలనీ, తలకింద కుడిచెయ్యి ఉండాలనీ చెప్పారు. చెబుతుంటేనే ఒక సంగతి గుర్తొచ్చింది. దుర్భిణి ఆరోజు అందరిముందూ కుడివైపనే చెప్పింది. ఎవరికైనా అది గుర్తొస్తే?

రేడియో వేళ్లు కొత్త బుద్ధుడి తలమీదనుంచి చేతిమీదకి జారాయి. "అయితే మరి..." అని మొదలుపెట్టాడు. ఆగిపోయాడు.

"ఏంట్రా?" అన్నారు మాస్టారు.

"ఏం లేదు మాస్టారూ" అన్నాడు రేడియో. "ఒకే పక్కకి పడుకుని పడుకుని విసుగొచ్చి ఇటు తిరిగినట్టున్నాడు."

అందరూ నవ్వారు, కాస్త ఆలస్యంగా. దుర్భిణి కూడా నవ్వింది. గండం గడిచిందనుకున్నారు మాస్టారు.

బయల్దేరే ఉదయం బడి గేటు ముందు బస్సు ఆగింది. సంచులూ, తల్లిదండ్రులూ, జాగ్రత్తలూ కలిసి పెద్ద గోలగా ఉంది. దుర్భిణి తల్లి ఆసుపత్రిలో దుప్పట్లు ఉతికే చోట పనిచేస్తుంది. పనిబట్టలతోనే పరుగున వచ్చింది. కింద కూర్చుని కూతురి చెప్పులకి పాత దారం మీద కొత్త ఎర్రదారం నాలుగు చుట్లు చుట్టింది.

"కనిపిస్తోందా అమ్మలూ?"

"కనిపిస్తోందమ్మా. ఎర్రగా."

"అన్నీ బాగా చూసి రా. వచ్చి నాకు చెబుదువుగాని."

మాస్టారు మొహం తిప్పుకుని సంచులు లెక్కపెట్టసాగారు. లెక్క రెండుసార్లు తప్పింది.

బస్సులో దుర్భిణి కిటికీ పక్కన, ఆమె పక్కన మాస్టారు. వెనక సీట్లన్నీ పిల్లలవే. బస్సు మలుపు తిరిగిందో లేదో రేడియో అందుకున్నాడు. "దుర్భిణీ, బయట ఏముందే?" మాస్టారు వంగి ఆమె చెవిలో చెప్పారు. పచ్చరంగు తలుపుల దుకాణం, తలుపు ఒకటే తీసి ఉంది, గుమ్మంలో ముసలాయన కూర్చుని గొడుగు బాగుచేసుకుంటున్నాడు. దుర్భిణి అద్దానికి ముక్కు ఆనించి గట్టిగా చెప్పింది. "పచ్చరంగు తలుపుల కొట్టు. ఒక తాత గొడుగు బాగుచేసుకుంటున్నాడు. ఒక పుల్ల విరిగిపోయింది." పుల్ల విరిగిన సంగతి ఆమె సొంతం. వెనకనుంచి ప్రశ్నలు ఆగలేదు. తాతకి గడ్డముందా, గొడుగు నలుపా, పక్క కొట్టేమిటి. దారి పొడవునా మాస్టారు చెబుతూనే ఉన్నారు, ఆమె అంటూనే ఉంది. ఆయన బతుకులో ఒక్కరోజున అన్ని మాటలు ఎప్పుడూ ఆడలేదు.

విమానాశ్రయంలో బస్సు ఆగింది. పెద్దమేడం పిల్లల్ని ఒకరి భుజంమీద ఒకరు చెయ్యి వేయించి వరసగా నడిపించుకుపోతోంది. అందరికన్నా ముందు దుర్భిణి ఉంది. మాస్టారు చివరి సంచి దించుతుంటే చొక్కా చెయ్యి ఎవరో పట్టుకున్నారు. వరసలోంచి తప్పుకుని వచ్చిన రేడియో.

"మాస్టారూ, రేపట్నించి దాని చెవిలో ఇంకొంచెం మెల్లగా చెప్పండి. మా అందరికీ వినపడుతోంది."

మాస్టారి చేతిలో సంచి అలాగే ఉండిపోయింది. "ఎప్పట్నించి తెలుసురా?"

"పరీక్షలయ్యాక అది గోడకి గోరు రాసుకుంటూ నడుస్తోంది కదా. చప్పుడొస్తుంది." రేడియో గొంతు తగ్గించాడు. వాడికి గొంతు తగ్గించడం కూడా వచ్చని మాస్టారికి ఇన్నాళ్లూ తెలియదు. "మాకు తెలుసని దానికి తెలీదు. చెప్పకండేం. దాని ముందు మేం ఎప్పుడూ అనుకోలేదు కూడా."

అనేసి, ముందున్న గొంతుల్ని బట్టి దారి చూసుకుని వరసలో కలిసిపోయాడు. ఒక్క నిమిషం ఆగి, ఎప్పటిలాగే గట్టిగా అరిచాడు. "దుర్భిణీ, ఎదురుగా ఏముందే?"

ముందున్న దుర్భిణి ఆగింది. తల కొంచెం పక్కకి వంచి, చెవి వెనక్కి తిప్పి నిలబడింది. మాస్టారు సంచి అక్కడే వదిలేసి పరుగున వెళ్లి ఆమె పక్కన వంగి, ఈసారి చాలా మెల్లగా చెప్పడం మొదలుపెట్టారు.